రెండో చిల్లు

పైనింటి వాళ్ళు బకెట్టు బోర్లిస్తే
మా వంటింటి సింకు గుటకలేస్తుంది.
గుడగుడ, గుడగుడ, ఆఖర్న ఒక్క గ్లుక్కు,
ఎవరో మా నీళ్ళు తాగి
మూతి తుడుచుకున్నట్టు.

కంచరపాలెం మెట్టు దగ్గర కాపురం.
గూడ్సుబళ్ళ కుదుపులకి బెదరని చెవులు,
అర్ధరాత్రి రేవులో ఓడ కూతేస్తే
అటునుంచి ఇటు పొర్లి పడుకునే చెవులు,
ఈ గుటకకి మాత్రం
దిగ్గున లేచి కూర్చుంటాయి.

మేడ సంగతులన్నీ సింకే చెబుతుంది.
పొడుగ్గా సాగితే బొడ్డేపల్లి వారి వాషింగ్ మెషీను.
రెండు పొట్టి గుటకలైతే
వాళ్ళబ్బాయి ట్యూషన్‌కి లేచాడు.
రాత్రి పదకొండున్నరకి ఒక్క పెద్ద మూలుగు:
స్టీల్‌ప్లాంటు బీ షిఫ్టు బస్సు దిగిన మాధవరావు
ఒంటి మీది వేడి కడుక్కుంటున్నాడు.

శ్రావణంలో కంపు కూడా మొదలైంది.
వేడినీళ్ళు పోశాను. వంటసోడా పోశాను.
పూర్ణామార్కెట్‌లో ఎవరో చెప్పారని
ఆసిడ్ సీసా తెచ్చి అదీ పోశాను.
సింకు అంచు నల్లబడింది, గుటక ఆగలేదు.
"ఆ పైన..." అన్నారు ఈయన, పేపరు దించి.
"పైవాళ్ళతో నేను మాట్లాడతాలెండి" అన్నాను.
పేపరు మళ్ళీ లేచింది.

ఎల్లాజీ వచ్చాడు,
సింకు కిందకి భుజాల దాకా దూరి
వంపు తిరిగిన గొట్టాన్ని
చంటిపిల్ల వీపులా తట్టి చూశాడు.
"అడ్డమేటీ లేదమ్మా.
ఈ వొంపులో గ్లాసుడు నీళ్ళు నిలబడాల.
ఆ నీళ్ళే తలుపు, కంపు లోనికి రాకండా.
పైనోళ్ళు నీళ్ళొగ్గేస్తే
గొట్టం గాలి కోసం ఎతుక్కుంటాది,
ఎక్కడా దొరక్క మీ తలుపునే తాగేస్తాది.
మీరినే సప్పుడు అదే."

నాకు తలకెక్కలేదు.
గట్టు మీది నూనె డబ్బా చేతికి తీసుకున్నాడు.
"దీనికి ఒక్క సిల్లెట్టి ఒంపండి,
గుక్కెడొచ్చి ఆగిపోద్ది, మళ్ళీ గుక్కెడు.
రెండో సిల్లెట్టండి, దారలాగ దిగిపోద్ది,
సప్పుడే ఉండదు.
నీరు దిగాలంటే గాలి ఎక్కాల కదా.
మీ మేడకి రెండో సిల్లేదీ?"

నాలుగంతస్తులు ఎక్కాం.
దూరంగా ఎండలో డాల్ఫిన్స్ నోస్,
పిట్టగోడ మీద వేలితో పేరు రాసుకునేంత బొగ్గు నుసి.
హుద్‌హుద్‌లో టోపీ ఎగిరిపోయిన గాలిగొట్టం
మూలన నిలబడి ఉంది
నెత్తిన రంగు డబ్బా బోర్లించుకుని.
డబ్బా కదలకుండా పైన ఒక ఇటుక.

"ఎవురు సేసేరో ఈ పని" అన్నాడు ఎల్లాజీ.

గచ్చకాయ రంగు. మా ముందుగదిది.
ఎండాకాలం ఊరమిరపకాయలు ఆరబెడుతుంటే
ముక్కు పగిలిపోతోందని
ఆ డబ్బా బోర్లించిన చేతులు ఇవే.
"పిల్లలేమో" అన్నాను.

జల్లెడ కట్టాడు, కొత్త టోపీ బిగించాడు.
నాలుగువందల యాభై అడిగి నాలుగువందలు తీసుకున్నాడు.
వాడని వెనక బాత్రూములో
వారానికో చెంబు నీళ్ళు పొయ్యమన్నాడు,
లేకపోతే అక్కడి తలుపు ఎండిపోతుందట.

రాత్రి పదకొండున్నర.
మెట్ల మీద మాధవరావు బూట్లు.
పైన బకెట్టు బోర్లింది.
సింకు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను,
గోడ లోపల నీళ్ళు దిగిపోయాయి
ఎవరినీ లేపకుండా.

"అసలు ఆ పైన..." అని ఎత్తుకున్నారు ఈయన,
షిప్‌యార్డులో ముప్పై రెండేళ్ళు
గొట్టాలు బిగించి దిగిన మనిషి.
నాలిక చివరికొచ్చిన మాటని మింగాను.
ఆ గుటక నాకే వినబడింది.
ఆయన కాసేపు ఆగి చూశారు,
నేను అందుకుంటానేమోనని.

"...గాలిగొట్టం మీద
నువ్వు డబ్బా పెట్టిన రోజే
చెబుదామనుకున్నాను" అన్నారు.